‘చరిత్రలో ఈ రోజు’ రాసేవారికి ఒక పాత మాస్టారి బహిరంగ లేఖ

దినపత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక చూసే సంపాదకులకు, జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకు, బడుల్లో క్విజ్ పోటీలు పెట్టే విద్యాశాఖ అధికారులకు, పొద్దున్నే గ్రూపుల్లో ‘నేటి ప్రత్యేకత’ పంపే మిత్రులకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. మాది గుంటూరు దగ్గర ఒక పల్లె. ఉద్యోగం అయిపోయినా ఒక పని మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. మా బడి వరండాలో, మంచినీళ్ల కుళాయి పక్కన ఒక నల్లబల్ల ఉంది. ప్రార్థన గంట కొట్టేలోపు దాని మీద ‘చరిత్రలో ఈ రోజు’ నాలుగైదు వరసలు రాస్తాను. పిల్లల్లో ఒకరు దాన్ని మైకులో చదువుతారు. ఇన్నేళ్లూ ఆ బల్లను మీ పేపర్లు, మీ పుస్తకాలు చూసే నింపాను. ఆ కృతజ్ఞత నాకుంది. కానీ మూడు ఉత్తరాలు రాసినా జవాబు రాకపోతే నలుగురిలో చెప్పుకోక తప్పదు.

జరిగింది ఇది. నిరుడు మండల స్థాయి క్విజ్‌కి మా బడి నుంచి ఏడో తరగతి అమ్మాయి ఒకతి వెళ్లింది. చివరి రౌండ్లో ప్రశ్న: తొలి తెలుగు టాకీ (మాటల సినిమా) విడుదలైన తేదీ ఏది? ఆ పిల్ల తడుముకోకుండా 1932 ఫిబ్రవరి 6 అంది. క్విజ్ నడిపేవారు చేతిలో ఉన్న పుస్తకం చూసి ‘తప్పు, 1931 సెప్టెంబర్ 15’ అన్నారు. ఆ ఒక్క పాయింటుతో మొదటి బహుమతి పోయింది. మర్నాడు పొద్దున నేను బల్ల రాస్తుంటే వచ్చి పక్కన నిలబడింది. ‘మాస్టారూ, మీరు రాసిందే చెప్పాను’ అంది. ఏడవలేదు, ఫిర్యాదు చేయలేదు. అలా చెప్పి వరసలోకి వెళ్లిపోయింది. నేను సగం రాసిన వాక్యం ఆ రోజు పూర్తి చేయలేకపోయాను.

ఆ పిల్ల చెప్పిందే నిజం. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన ఆ తొలి టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని దశాబ్దాల పాటు అందరం రాసుకున్నాం, చెప్పుకున్నాం. పాత్రికేయులు, పరిశోధకులు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, రికార్డులు తిరగేసి ఆ లెక్క సరిచేశారు. బొంబాయి సెన్సార్ బోర్డు ఆ సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చిందే 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా సినిమా హాల్లో అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. సర్టిఫికెట్ రావడానికి నాలుగు నెలల ముందే సినిమా ఎలా ఆడుతుంది? ఈ ప్రశ్న మనకు అన్నేళ్లూ ఎందుకు తట్టలేదు? ఆనాటి టాకీలు ఏ వారం విడుదలయ్యాయో చూస్తే తట్టే అవకాశం ఉంది కూడా. తొలి భారతీయ టాకీ ఆలం ఆరా వచ్చిన 1931 మార్చి 14 శనివారం. తొలి తమిళ టాకీ కాళిదాస్ వచ్చిన 1931 అక్టోబర్ 31 శనివారం. 1932 ఫిబ్రవరి 6 కూడా శనివారమే. మనం పట్టుకు వేలాడిన 1931 సెప్టెంబర్ 15 మంగళవారం. వారం ఒక్కటే రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ అనుమానపడడానికి అది చాలు.

పోటీ అయిన వారంలోనే ఆ పుస్తకం వేసినవారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది, జవాబు రాలేదు. ఒక పత్రికకు రెండు ఉత్తరాలు రాశాను. ఆ సెప్టెంబర్ 15న మళ్లీ అదే తేదీ అచ్చయింది. చివరికి ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే, ‘మేం పాత ఎడిషన్ చూసి వేస్తాం మాస్టారూ, అందరి పుస్తకాల్లోనూ అదే ఉంది కదా’ అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. కానీ ఆ ‘అందరి పుస్తకాల్లోనూ’ అన్న మాటలోనే ఉంది రోగం. ఒకరిని చూసి ఒకరు దించుకుంటే పది పుస్తకాలు పది సాక్ష్యాలు అవుతాయా?

తేదీలో ఏముంది, ఇంత పట్టింపు ఎందుకు అని మీరు అడగొచ్చు. మన ఇళ్లలో ఆబ్దికం పెట్టాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తామో గుర్తు చేసుకోండి. తిథి రెండు రోజుల్లో పడితే పంతులుగారి దగ్గరికి వెళ్లి మిగులా, తగులా (ఏ రోజు లెక్కలోకి వస్తుంది) అని అడుగుతాం. మధ్యాహ్నం వేళకు తిథి ఉందో లేదో పంచాంగంలో ఘడియలు లెక్కపెట్టిస్తాం. మన తాతకు పెట్టే పిండం విషయంలో అంత జాగ్రత్త పడే మనం, ఊరందరి పెద్దల సంగతికొచ్చేసరికి చేతికందింది వేసేస్తున్నాం. దీని వల్ల జరుగుతున్న నష్టం వరసగా చెబుతాను.

1. ముందుగా నష్టపోయేది ఉద్యోగాల కోసం చదివే పిల్లలు. హైదరాబాద్ అశోక్‌నగర్ రూముల్లోనో, అవనిగడ్డ డీఎస్సీ కోచింగ్‌లోనో ఇంటి దగ్గర అప్పు చేసి తెచ్చిన డబ్బుతో రోజులు లెక్కపెట్టుకుంటూ చదివేవాళ్లు వాళ్లు. మా తమ్ముడి కొడుకు బల్ల మీద మూడు జీకే పుస్తకాలు చూశాను. అల్లూరి సీతారామరాజు పుట్టిన సంవత్సరం ఒకదాంట్లో 1897, ఇంకోదాంట్లో 1898. మూడోదాంట్లో ఒక పేజీలో ఒకటి, వెనక పేజీలో ఇంకొకటి. ఆ కుర్రాడు పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. అరమార్కు తేడాతో జాబితాలో పేరు మారిపోయే పరీక్షలు ఇవి. తప్పు రాస్తే మార్కు కోసే పరీక్షలు కూడా ఉన్నాయి. కీ మీద అభ్యంతరం చెప్పాలంటే ఆధారం చూపించాలి, కొన్నిచోట్ల దానికీ డబ్బు కట్టాలి. ఆధారంగా ఏం చూపిస్తాడు? మీ పుస్తకమేనా? జూలై 4, 1897 అనే లెక్కతోనే 2022లో భీమవరంలో 125వ జయంతి ప్రభుత్వం తరఫున జరిగింది. ఆ మాట ఒక్క ముక్క కింద రాస్తే ఆ కుర్రాడి టెన్షన్ కొంత తగ్గేది. గురజాడ పుట్టిన సంవత్సరం మీద కూడా 1861, 1862 అని రెండు మాటలు ఉన్నాయి. రెండు మాటలు ఉన్నాయని చెప్పడం తప్పు కాదు. ఒకటే ఉన్నట్టు చూపించడమే తప్పు.

2. రెండు వేర్వేరు సంఘటనలను కలిపేయడం. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాజధానిగా ఏర్పడింది ఆంధ్రప్రదేశ్. స్వతంత్ర భారతంలో భాషను బట్టి ఏర్పడిన తొలి రాష్ట్రం అన్న మాట మొదటిదానికి చెందుతుంది. మన శీర్షికల్లో అది రెండోదాని పక్కన చేరిపోతోంది. నవంబర్ 1న ఆ వాక్యం చదివిన పిల్లకు కర్నూలు అసలు గుర్తే ఉండదు. కర్నూలులో మూడేళ్లు గుడారాల్లో ఆఫీసులు నడిపినవాళ్ల కథ పిల్లలకు తెలియకుండా పోతోంది.

పొట్టి శ్రీరాములు గారి సంగతీ అంతే. ఆయన 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టారు. కన్నుమూసింది డిసెంబర్ 15 రాత్రి. చాలాచోట్ల 16 అని కనిపిస్తుంది. 58 రోజుల దీక్ష అని ప్రతి బిడ్డకూ చెబుతాం కదా, వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి: అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. సరిగ్గా 58. పదహారు అని రాస్తే మనం చెప్పే 58 మనమే తప్పు చేసినట్టు. ఆరో తరగతి పిల్లాడు చేసే కూడిక ఇది.

హైదరాబాద్ విషయంలో 1948 సెప్టెంబర్ 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు, 18న, మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి ముందు హైదరాబాద్ సైన్యం లొంగిపోయింది. ఆ రోజును విమోచనమంటారో, విలీనమంటారో, సమైక్యతంటారో ఎవరి అభిప్రాయం వారిది. ఏ పేరు పెట్టినా ఏ రోజు ఏం జరిగిందో మాత్రం విడివిడిగా రాయండి.

3. ఫిబ్రవరి 14. ఈ ఒక్కదాని మీద నాకు నిజంగా బాధ ఉంది. ఏటా ఆ రోజు పొద్దున్నే ‘ఈ రోజు భగత్‌సింగ్‌ను ఉరితీశారు, ప్రేమికుల రోజు జరుపుకుంటారా?’ అనే సందేశం వస్తుంది. పిల్లలను సిగ్గుపడేలా చేయాలని దాని ఉద్దేశం. భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను లాహోర్ జైల్లో ఉరితీసింది 1931 మార్చి 23న. శిక్ష వేసింది 1930 అక్టోబర్ 7న. రెండింటిలో ఏదీ ఫిబ్రవరి 14 కాదు. ఒక సంవత్సరం మా పదో తరగతి కుర్రాళ్లు నలుగురు ఆ సందేశం నమ్మి ఆ రోజు నల్లబ్యాడ్జీలు పెట్టుకుని వచ్చారు. వాళ్ల దేశభక్తి నిజం, తేదీ అబద్ధం. మార్చి 23న ఒక్కడూ బ్యాడ్జీ పెట్టుకోలేదు. ఆ రోజు పరీక్షల హడావుడి. పైగా వాళ్ల లెక్కలో ఆ పని ముందే అయిపోయింది. అబద్ధపు తేదీ నిజమైన తేదీని ఎలా చెరిపేస్తుందో ఆ రోజు నా కళ్లతో చూశాను. ఇరవై మూడేళ్ల వయసులో ఉరికంబం ఎక్కిన మనిషికి మనం ఇచ్చే గౌరవం ఇదేనా?

4. క్యాలెండర్లు కలిపేయడం. దీని గురించి మీకు తెలియదని అనుకోను, ఓపిక లేదనే అనుకుంటాను. పోప్ పదమూడో గ్రెగరీ హయాంలో 1582లో పాత జూలియన్ క్యాలెండర్‌ను సరిచేసి ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్ తెచ్చినప్పుడు అక్టోబర్ 4 మర్నాడు అక్టోబర్ 15 అయింది. మధ్యలో పది రోజులు ఎగిరిపోయాయి. ఇంగ్లండు ఆ పని 1752లో చేసింది, సెప్టెంబర్ 2 తర్వాత 14. రష్యా అయితే 1918 దాకా ఆగింది. అందుకే అక్టోబర్ విప్లవం మన క్యాలెండర్లో నవంబర్ 7న వస్తుంది. ఇంతవరకు చాలామంది రాస్తారు. కానీ ‘గెలీలియో చనిపోయిన సంవత్సరమే న్యూటన్ పుట్టాడు’ అని క్విజ్ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. గెలీలియో చనిపోయింది కొత్త లెక్కలో 1642 జనవరి 8న. న్యూటన్ పుట్టిన 1642 డిసెంబర్ 25 పాత లెక్క. దాన్ని కొత్త లెక్కకు మారిస్తే 1643 జనవరి 4 అవుతుంది. చింతపండును పాత వీశెలతో, ఉప్పును కిలోలతో తూచి రెండూ సమానం అన్నట్టుంది ఇది. అలాగే ఇంగ్లండు రచయిత షేక్స్‌పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకే రోజు పోయారని ఏప్రిల్ 23న రాస్తారు. స్పెయిన్‌ది కొత్త లెక్క, ఇంగ్లండుది అప్పటికి పాత లెక్క. తేదీ ఒకటే కనిపిస్తుంది, అసలు మధ్యలో పది రోజుల పైనే తేడా ఉంది.

మన దగ్గర ఈ గొడవ ఇంకా ఎక్కువ. పొలం రికార్డు అడంగల్ తీసి చూడండి, పైన ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల కోసం వాడే సంవత్సరం) ఉంటుంది. 2024 జూలై 1న మొదలైంది ఫసలీ 1434. నిజాం రాజ్యంలో నెలల పేర్లే వేరు, ఆజూర్, దై, బహ్మన్ అని. అక్కడి పాత దస్తావేజులు చదివేటప్పుడు ఈ మార్పిడి తెలియకపోతే సంవత్సరమే మారిపోతుంది. శాసనాల్లో శక సంవత్సరం, తిథి, వారం ఉంటాయి. శ్రీకృష్ణదేవరాయలు ఎప్పుడు కన్నుమూశారన్నది చాలాకాలం రకరకాలుగా రాశారు. 2021లో కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్లిలో ఒక శాసనం బయటపడింది. అందులో ఇచ్చిన వివరాల ప్రకారం ఆయన కన్నుమూసింది 1529 అక్టోబర్ 17, ఆదివారం, చంద్రగ్రహణం నాడు. ఆ తేదీకి వారం నేను స్వయంగా లెక్కకట్టి చూశాను. పాత క్యాలెండర్ ప్రకారం ఆదివారమే వచ్చింది. ఒక మాస్టారు కాగితం, కలం పెట్టుకుని పావుగంటలో చేయగలిగిన పని ఇది.

గంటల తేడా కూడా ఉంది. చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టింది 1969 జూలై 20 అని రాస్తారు. అది అమెరికా వారి రాత్రి. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టినప్పుడు మనకు జూలై 21, పొద్దున ఎనిమిదిన్నర కావస్తోంది. ఆ వేళ రేడియో దగ్గర కూర్చున్న మా నాన్న తరం వాళ్లకు గుర్తున్న రోజు 21. ఏది రాసినా పక్కన ‘మన కాలమానం ప్రకారం’ అన్న రెండు ముక్కలు వేస్తే సరిపోతుంది.

5. మన గడ్డ మీద జరిగింది మనకే చెప్పకపోవడం. ఈ పాయింటు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి.

ఆగస్టు 18 వస్తుంది. శీర్షికలో ‘1868: హీలియం కనుగొన్నారు’ అని ఒక వరస ఉంటుంది. ఎక్కడ? గుంటూరులో. అది రాయరు. కొందరు రాస్తారు గానీ ‘గుంటూరులో జాన్సెన్ హీలియం కనుగొన్నాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజంగా జరిగింది అంతకన్నా గొప్పగా ఉంటుంది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చి మకాం వేశాడు. మేజర్ టెనెంట్ ఆధ్వర్యంలో బ్రిటిష్ బృందం కూడా గుంటూరులోనే ఉంది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కమ్మిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసే మంటల కాంతిని వీళ్లు స్పెక్ట్రోస్కోపులో, అంటే కాంతిని రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరంలో, చూశారు. ఆ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు అనిపించింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలో చూసి చూపించాడు కూడా. ఆ గీతల్లో ఒక పసుపు గీత సోడియంది కాదన్న అనుమానం మచిలీపట్నంలో పోగ్సన్‌కు వచ్చింది. అక్టోబర్‌లో ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త కూడా గ్రహణం లేకుండానే చూశాడు. అది భూమి మీద తెలియని మూలకమని ఆ తర్వాత తేల్చింది ఆయనే, సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అన్న పేరు వచ్చింది. భూమి మీద అది దొరకడానికి 1895 దాకా, రామ్సే అనే శాస్త్రవేత్త దాకా ఆగాల్సి వచ్చింది. ఇది గుంటూరు పిల్లలకు చెప్పాల్సిన కథ కాదా? నేను మొదటిసారి బల్ల మీద రాసిన రోజు ఒక కుర్రాడు, ‘మన గుంటూరా మాస్టారూ, వేరే గుంటూరుందా?’ అని అడిగాడు. సొంత ఊరి పేరు సైన్సు పక్కన చూసే అలవాటు వాడికి లేదు. ఆ అలవాటు చేయించడం మన చేతిలో పని.

రెండు రోజులాగితే ఆగస్టు 20. ప్రపంచ దోమల దినం అని రాసి, కింద దోమతెర బొమ్మ వేస్తారు. ఆ దినం ఎందుకొచ్చింది? 1897లో అదే రోజు సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు కాబట్టి. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకున్నారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. చెయ్యి చాపి కూర్చున్న హుసేన్ ఖాన్ పేరు మన శీర్షికల్లో ఎక్కడా కనిపించదు. జ్వరంతో ఉన్న ఒక బీదవాడు ఇచ్చిన రక్తం అది. ఏడాదికి ఒక్క రోజు ఒక్క వరస ఆయనకు ఇవ్వలేమా?

6. చావులను లెక్కలో వేసి వదిలేయడం. నవంబర్ 19 శీర్షికలో పైన ఇందిరాగాంధీ జననం ఉంటుంది, కింద ఎవరో నటి పుట్టినరోజు ఉంటుంది, మధ్యలో ‘1977: దివిసీమ ఉప్పెన’ అని ఒక వరస. మృతులు ఒక ఏడాది పది వేలు, మరో ఏడాది పద్నాలుగు వేలు. ఎవరి లెక్క పది, ఎవరి లెక్క పద్నాలుగు? ఆ తేడా నాలుగు వేల మంది మనుషులు. నాగాయలంక వైపు మాకు చుట్టరికం ఉంది. ఆ ఇంట్లో పెద్దావిడ ఏ సంగతి చెప్పినా ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అనే చెబుతారు. ఆమెకు అది తేదీ కాదు, జీవితాన్ని రెండుగా కోసిన గీత. ఆమె పొద్దున మీ పేపరు తెరిస్తే ఏం చూడాలి?

1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ వరద వచ్చినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ‘వేలమంది మృతి’ అన్న రెండు మాటల పక్కన ఆ చెట్టుకు కూడా చోటివ్వండి. నదిని మర్చిపోయి ఒడ్డున ఇళ్లు కట్టుకుంటున్న ఈ రోజుల్లో ఆ వరస చదివి ఎవరైనా ఒక్కరు ఆగి ఆలోచించినా మంచిదే.

7. వింతలు. ‘ఈ నెలలో ఐదు శుక్రవారాలు, ఐదు శనివారాలు, ఐదు ఆదివారాలు, ఇది 823 ఏళ్లకోసారి’ అని ఒక సందేశం తిరుగుతుంది. దాన్ని పది మందికి పంపితే డబ్బు వస్తుందని కూడా ఉంటుంది. 31 రోజుల నెల శుక్రవారంతో మొదలైతే చాలు, అలా వస్తుంది. 2025 ఆగస్టు, 2026 మే, 2027 జనవరి, మళ్లీ 2027 అక్టోబర్. గోడ క్యాలెండర్ తిప్పితే తెలిసే సంగతి. ఇక ఆగస్టు 27 రాత్రి అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడన్నది 2003లో అంగారకుడు దగ్గరగా వచ్చినప్పటి నుంచి తిరుగుతున్న కట్టుకథ. ఎంత దగ్గరికొచ్చినా ఐదున్నర కోట్ల కిలోమీటర్ల పైనే ఉన్నాడు. ఒక ఏడాది మా పిల్లలు కొందరు ఆ రాత్రి మేడ మీద పన్నెండున్నర దాకా కూర్చుని నిద్ర పోగొట్టుకున్నారు. ఆకాశం చూడాలన్న ఆశ మంచిదే. అబద్ధం చెప్పి ఆశపెట్టి పైకెక్కిస్తే, నిజంగా చూడాల్సిన గ్రహణం వచ్చిన రోజు వాళ్లు పైకెక్కరు.

ఇంకొక మాట నా సొంతానిది. బడి రిజిస్టర్లో నా పుట్టినరోజు జూలై 1. మా అమ్మ చెప్పేది కార్తీక మాసంలో, వరికోతలకు ముందు పుట్టానని. చేర్పించిన రోజు మాస్టారు తోచిన తేదీ వేశారు. ఆ తేదీ ప్రకారమే ఉద్యోగంలో చేరాను, ఆ తేదీ ప్రకారమే రిటైరయ్యాను, పెన్షన్ కాగితాల్లో అదే ఉంది. మా తరంలో ఇలా జూలై 1న పుట్టినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఆ మాస్టారి మీద నాకు కోపం లేదు, ఆయన దగ్గర చూసుకోవడానికి ఏ కాగితమూ లేదు. మీ దగ్గర అన్నీ ఉన్నాయి. పాత పత్రికలు కంప్యూటర్లోనే చదవొచ్చు, వందేళ్ల క్యాలెండర్ ఫోనులోనే ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను:

1. పత్రికల వారు ‘చరిత్రలో ఈ రోజు’ కోసం ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి. నిరుటి పేజీ తీసి అదే మళ్లీ వేయడం ఆపండి. ప్రతి తేదీకి కనీసం ఒక అసలు ఆధారం, అంటే ఆనాటి పత్రికో, గెజిటో, శాసనమో, ఆఫీసులో రాసి పెట్టుకోండి. పాఠకుడు అడిగితే చెప్పండి.

2. తప్పు పడితే అదే శీర్షికలో, అదే సైజు అక్షరాల్లో మర్నాడే సవరణ వేయండి. లోపలి పేజీ మూలన కాదు.

3. రెండు తేదీలు వాడుకలో ఉంటే రెండూ రాయండి. మీరు ఏది ఎందుకు నమ్ముతున్నారో ఒక్క వాక్యం కలపండి. పాత క్యాలెండర్ తేదీ అయితే ఆ మాట చెప్పండి.

4. జీకే పుస్తకాలు వేసేవారు ప్రతి కొత్త ఎడిషన్‌లో సరిచేసిన తేదీల జాబితా ముందు పేజీల్లో ఇవ్వండి. పాత పుస్తకం కొన్న పిల్లవాడికి ఆ జాబితా ఉచితంగా దొరకాలి. రెండొందలు పెట్టి కొన్నాడు వాడు.

5. విద్యాశాఖ వారు మండల, జిల్లా క్విజ్‌లకు ఒక్క పుస్తకాన్ని ప్రమాణంగా పెట్టుకోవద్దు. పిల్ల ఆధారం చూపిస్తే వినే ఏర్పాటు ఉండాలి. మా బడి అమ్మాయి విషయంలో మొదటి బహుమతి తిరిగి ఇవ్వమని అడగడం లేదు. ఆమె చెప్పిన సమాధానం సరైనదని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి బడికి పంపండి. దాన్ని ప్రార్థనలో చదివిస్తాను.

6. వారానికి ఒక్కసారైనా ఆ జిల్లాలో, ఆ ఊళ్లో జరిగిన సంగతి ఒకటి శీర్షికలో ఉండాలి. గుంటూరు గ్రహణం, సికింద్రాబాద్ దోమ లాంటివి ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. రిటైరైన మాస్టార్లం చాలామందిమి ఉన్నాం, అడిగితే పైసా తీసుకోకుండా వెతికి ఇస్తాం.

7. గ్రూపుల్లో పంపే మిత్రులారా, మీరు పంపేది పిల్లలు కూడా చదువుతున్నారు. సందేశం వచ్చిన వెంటనే నొక్కకుండా తేదీ ఒకసారి సరిచూడండి. తప్పని తేలితే ‘నిన్న పంపింది తప్పు’ అని అదే గ్రూపులో రాయండి. అలా రాసినవారిని ఇంతవరకు నేను ఇద్దరినే చూశాను. ఇద్దరి మీదా నాకు గౌరవం పెరిగింది.

ఈ ఉత్తరం ప్రతిని సంబంధించిన అందరికీ పోస్టులో పంపుతున్నాను. నేను చెప్పిన వాటిలో ఏదైనా తేదీ తప్పయితే ఆధారంతో రాయండి, ఆ మర్నాడే బల్ల మీద సవరణ రాసి పిల్లల ముందు చదివిస్తాను.

వచ్చే ఫిబ్రవరి 6న బల్ల రాసే పని ఆ అమ్మాయికే అప్పగించాను. ఆ పొద్దున మీ పేపరు తెప్పించి ఆమె పక్కన పెడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా